నాలుగు లక్షల జపం తర్వాత

ఒకే మంత్రాన్ని నాలుగు లక్షల సార్లు జపించి, అప్పటికీ లోపలి వెలితి తీరక లేచి దారి పట్టిన మనిషి ఒకాయన రెండు వందల ఏళ్ల కిందట మన తెలుగు నేల మీద తిరిగాడు. పుట్టుపేరు సుబ్బరాయరు. బాప్తిస్మం తర్వాత ఆనందరాయరు. ఊరు విడిచి, ఆస్తి విడిచి, గుడులూ మఠాలూ చర్చిలూ దాటుకుంటూ నడిచి నడిచి ఆయన విశాఖపట్నం చేరాడు. విశాఖ అంటే ఓడలు, ఉక్కు, బీచ్ రోడ్డు అనుకునే మనకు ఆ పేరు ఎక్కడా ఎదురుపడదు. ఆదివారం ఆదివారం తెలుగు బైబిలు తెరిచే వాళ్లలో కూడా చాలామంది ఆ పేరు విని ఉండరు. ఆయన్ని అక్కడికి నడిపించిన ఆకలి ఎలాంటిదో ఆ ఊళ్లోనే తిరుగుతూ ఆలోచించుకోవాలనిపించి శ్రమ దినాల్లో ప్రయాణం పెట్టుకున్నాను.

విజయవాడలో పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ. ఏలూరులో నా ఎదురు సీట్లోకి ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. తెల్ల చీర, ఒళ్లో బట్ట సంచి, సంచిలో అట్ట ఊడిన బైబిలు. టీ అమ్మే కుర్రాడు వస్తే చెయ్యి అడ్డం పెట్టింది. భస్మ బుధవారం నుంచి ఒంటిపూటేనట. "ఈ ఉపవాసంలో ప్రత్యేకంగా ఏమన్నా అడుగుతున్నారా అమ్మా?" అన్నాను. మన వైపు ఉపవాస ప్రార్థన అంటే ఏదో ఒక మనవి ఉంటుంది కదా అని. ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి, "మొదట్లో అడిగేదాన్ని బాబూ. అబ్బాయి ఉద్యోగం, అమ్మాయి సంబంధం, ఆయన ఆరోగ్యం. కొన్ని ఇచ్చాడు, కొన్ని ఇవ్వలేదు. ఇప్పుడేం అడగను. ఊరికే ఆయన దగ్గర కూర్చుంటాను. కూర్చోకపోతే ఆ రోజు అన్నం తిన్నా తిననట్టే ఉంటది" అంది.

గోదావరి వంతెన మీద రైలు వెళుతుంటే ఆవిడ మాటలే చెవిలో ఉన్నాయి. రాజమండ్రి దగ్గరి జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసయ్యగారు గుర్తొచ్చారు. 1938లో బైబిలు మిషను మొదలుపెట్టిన ఆయన తన వాళ్లకు నేర్పిన ముఖ్యమైన అలవాటు సన్నిధి కూడిక. అడగడం మానేసి, చెప్పడం కూడా మానేసి, దేవుని ఎదుట మౌనంగా కనిపెట్టుకుని ఉండటం. మా ఇంట్లో లూథరన్ పద్ధతి. పాట, పాఠం, ప్రసంగం, ఆశీర్వాదం అన్నీ వరసగా జరిగిపోతాయి. ఆ వరస మీద నాకు గౌరవమే. కానీ ఆ వరసలో ఎక్కడా ఖాళీ ఉండదు. ఆకలి తెలియాలంటే కాస్త ఖాళీ ఉండాలి. ఎదుటి సీట్లో ఆవిడకు ఆ ఖాళీ దొరికింది.

విశాఖ స్టేషనులో జనమంతా ఒక వైపు బయటికి పోతుంటే నేను రెండో వైపు దిగి జ్ఞానాపురం వెళ్లాను. కూరగాయల మార్కెట్టు, లారీలు, హమాలీల కేకలు, ఆ మధ్యలో సెయింట్ పీటర్స్ కథీడ్రల్. ఫ్రాన్సులో ఆనెసీ ఊరి నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీ సభకు చెందిన గురువులు 1846లో విశాఖ వచ్చి, చుట్టుపక్కల కథోలిక సంఘాలకు పునాది వేశారు. మధ్యాహ్నం ఎండలో కూడా గుడి తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల ఒక హమాలీ తలపాగా తీసి బెంచీ మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కూడా కదపకుండా కూర్చున్నాడు. చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. బయట ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఆయన లేచి, మోకాలు వంచి, సిలువ గుర్తు వేసుకుని మళ్లీ బస్తాల దగ్గరికి వెళ్లాడు. పనికీ పనికీ మధ్య ఆయనకు దొరికింది ఆ కాస్త సమయమే.

అక్కడి నుంచి ఆటోలో వన్ టౌను. పాత పోస్టాఫీసు, కురుపాం మార్కెట్టు, ఇరుకు సందులు, పెంకుటిళ్ల అరుగులు, వాటి మీద సన్నగా పరుచుకునే బొగ్గు ధూళి. ఒకప్పుడు విశాఖపట్నం అంటే ఇంతే. కంపెనీ వాళ్ల కోట, దాని చుట్టూ సైనికుల వీధులు, కొద్ది దూరంలో సముద్రం. ఇంగ్లీషు వాళ్ల పాత సమాధుల తోట ఇంకా ఉంది. 17వ శతాబ్దం చివరి నాటి రాళ్లు కూడా అందులో ఉన్నాయి. ఉప్పుగాలికి కొన్ని అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి.

1805లో ఈ వీధుల్లోకి లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఇద్దరు యువకులు వచ్చారు. జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్. తెలుగు వాళ్ల మధ్య నిలిచి పని మొదలుపెట్టిన తొలి ప్రొటెస్టంటు మిషనరీలు వీళ్లే. కాలం వాళ్లకు అనుకూలం కాదు. మతం జోలికి పోతే వ్యాపారం చెడుతుందని కంపెనీ భయం. మరుసటి ఏడు వేలూరులో సిపాయిలు తిరగబడటంతో ఆ భయం రెట్టింపైంది. అయినా వీళ్లు బడి పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు, సువార్తలను తెలుగులోకి తేవాలని కూర్చున్నారు. తెలుగు ఎంత లోతైనదో కూర్చున్నాకే తెలిసి ఉంటుంది. వ్యాకరణం పట్టుబడినా, నాలుగైదేళ్లలో ఒక భాషకు ప్రాణం ఎక్కడుందో పట్టుకోవడం ఎవరి తరం?

ఆనందరాయరు వచ్చింది అప్పుడే.

ఆయన కథను తరంగంబాడి మిషనరీలు చెప్పగా, క్లాడియస్ బుకానన్ అనే కంపెనీ చాప్లిన్ 1811లో అచ్చయిన తన పుస్తకంలో చేర్చాడు. సుబ్బరాయరు తెలుగు బ్రాహ్మణుడు, అప్పటికి ముప్పై ఏళ్ల వాడు. టిప్పు సుల్తాను పటాలంలో లెక్కలు రాసే ఉద్యోగం చేశాడు. టిప్పు పోయాక ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర అదే పని. తెలుగుతో పాటు మరాఠీ కూడా చక్కగా రాసేవాడు. అంటే చేతిలో విద్య ఉంది, కడుపుకు లోటు లేదు. అయినా లోపల ఏదో పీకుతోంది. నిత్యానందం ఎలా దొరుకుతుందని ఒక పెద్ద బ్రాహ్మణుణ్ని అడిగాడు. ఆయన ఒక మంత్రం చెప్పి నాలుగు లక్షల సార్లు జపించమన్నాడు. సుబ్బరాయరు గుడిలో కూర్చున్నాడు. ఆరు నెలలు. చెప్పిన లెక్క కంటే ఎక్కువే జపించాడు. కష్టమైన నియమాలు ఎన్నో పాటించాడు.

ఆ జపాన్ని వృథా శ్రమ అని తీసిపారేసే ప్రసంగాలు విన్నాను. నాకు మనసొప్పదు. చెప్పిన లెక్క దాటి ఇంకా జపించిన ఆ మనిషిని చూస్తే నాకు దండం పెట్టాలనిపిస్తుంది. అంత ఆకలి మనలో ఎంతమందికి ఉంది? వారానికి ఒక గంట ఆరాధన పది నిమిషాలు ఎక్కువైతే గడియారం చూసుకునే వాళ్లం మనం. ఆయనకు జపం వల్ల శాంతి దొరకలేదు, నిజమే. కానీ దొరకలేదని ఒప్పుకునే నిజాయితీ ఆ ఆరు నెలల కూర్చోవడంలోంచే వచ్చింది. లేనిది ఉందని చెప్పుకుని ఊళ్లో గౌరవంగా బతకవచ్చు. ఆయన అలా చెప్పుకోలేదు. లేచి ఇంటి దారి పట్టాడు.

ఇల్లు నోసం అని ఉంది ఆ పుస్తకంలో. కర్నూలు సీమలోని నొస్సమే అయి ఉండాలని నా ఊహ. దారిలో ఒక కథోలిక విశ్వాసి కలిసి మాటల్లో పడి, క్రీస్తు మార్గం గురించి తెలుగులో ఉన్న రెండు పుస్తకాలు చేతిలో పెట్టాడు. రెండూ శ్రద్ధగా చదివి, ఈ సంగతి తేల్చుకోవాలని ఒక కథోలిక గురువు దగ్గరికి వెళ్లాడు. గురువు వెంటనే నమ్మలేదు. ముందు ఇంటికి వెళ్లి, నీ భార్య దగ్గర ఉండి, మళ్లీ రా అన్నాడు. ఇంటి దగ్గర బంధువులు హడలిపోయారు. కులానికి మచ్చ తేవద్దని బతిమాలారు. పెద్ద మొత్తంలో సొమ్ము ఇస్తామన్నారు, కుటుంబ ఆస్తి పెత్తనమంతా నీదే అన్నారు. ఆత్మ రక్షణ కంటే నాకు ఏదీ ఎక్కువ కాదని చెప్పి బయటికి నడిచాడు. గురువు ఇంకా తటపటాయిస్తుంటే, జంధ్యం తీసి ఇచ్చేస్తాను, జుట్టు కత్తిరించుకుంటాను అన్నాడు. ఆ రెండూ పోతే తిరిగి వెళ్లడానికి దారి లేదు. అప్పుడు బాప్తిస్మం ఇచ్చారు.

కథ ఇక్కడ ఆగిపోతే అది మామూలు సాక్ష్యమే. కూడికల్లో మనం వినే సాక్ష్యాలన్నీ దాదాపు ఇక్కడే ఆగుతాయి: వెతికాను, దొరికింది, ఆమెన్. ఆనందరాయరు ఆగలేదు. అందుకే ఆయన నాకు అంత దగ్గరివాడయ్యాడు. బాప్తిస్మం పొందిన కొన్ని నెలలకు ఆయన గురువు గోవా వెళ్లాల్సి వచ్చింది. వెళుతూ ఆయన్ని పుదుచ్చేరి పొమ్మన్నాడు, అక్కడ పెద్ద సంఘం, చదువుకున్న గురువులు, నీ దాహం తీరుతుంది అని. పుదుచ్చేరి ఆయన్ని చాలా విషయాల్లో నిరాశపరిచింది. తరంగంబాడిలో బైబిలే అనువాదమై ఉందని విని అక్కడికి నడిచాడు. అక్కడి లూథరన్ అయ్యగార్లూ మొదట అనుమానించారు. నెలల తరబడి మాట్లాడి, చూసి, చివరికి ప్రభువు బల్లకు చేర్చుకున్నారు. బైబిలును ఆయన మొదటిసారి కళ్లారా చూసింది అక్కడే. అదీ అరవంలో. చూసిన వెంటనే ఆ మనిషి చేసిన పని ఏమిటంటే, తెలుగులోకి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. జీతం లేదు. మద్రాసులోనో తంజావూరులోనో మంచి ఉద్యోగం ఇప్పిస్తామంటే వద్దన్నాడు. విశాఖపట్నంలో తెలుగువాళ్ల కోసం ఇద్దరు పనిచేస్తున్నారని విని, అక్కడికి వెళతానని పట్టుబట్టాడు.

తృప్తి పడిన మనిషి అంత దూరం నడవడు. దేవుడు దొరికాక దేవుని కోసం ఆకలి ఎక్కువవడం ఆయన జీవితమంతా కనిపిస్తుంది. మామూలు ఆకలికి తిండి విరుగుడు. ఈ ఆకలికి తిండే కారణం. రుచి తెలియని వాడు అడగడు. 42వ కీర్తనలో వాగుల కోసం రొప్పే దుప్పిని తెచ్చింది అన్యుడు కాదు, దేవుని మందిరానికి ఉత్సవాల్లో నడిచి వెళ్లిన జ్ఞాపకం ఉన్న భక్తుడు. ఆకలి లేకపోవడమే విశ్వాసం ముదిరిన గుర్తు అనుకునే వాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. బాప్తిస్మం అయింది, బల్లలో చేయి వేస్తున్నాం, కానుక వేస్తున్నాం, ఇంకేం కావాలి అనే నిశ్చింత. దాన్ని శాంతి అనుకుంటారు. అది ఆకలి చచ్చిపోవడం. రోగి అన్నం వద్దంటే ఇంట్లో వాళ్లు కంగారు పడతారు. ఆత్మ అన్నం వద్దంటే మనకు కంగారే లేదు.

ఆయన భార్య సంగతి కూడా చెప్పాలి. ఆ కథనంలో ఆమెకు రెండు మాటలే దక్కాయి. వెళ్లేటప్పుడు ఆమె వెంట రాలేదు. ఆమెకూ ఇష్టం లేదు, పెద్దలూ పంపలేదు. తర్వాత బంధువుల మధ్య చాలా బాధలు పడి, తనంతట తాను నిశ్చయించుకుని పుదుచ్చేరి వచ్చి ఆయన్ని కలుసుకుంది. రైలు లేదు, బస్సు లేదు, తోడు ఎవరో తెలియని రోజులు. కులం కట్టుబాటున్న ఇంటి ఆడమనిషి గడప దాటడం ఆయన జంధ్యం తీయడం కంటే చిన్న సంగతి కాదు. పుదుచ్చేరిలో చాలా విషయాల్లో నిరాశ ఎదురైనా, ఈ ఒక్క సంతోషం మాత్రం దొరికిందని రాశారు.

విశాఖలో ఆ ఇద్దరు మిషనరీలతో ఆనందరాయరుకు దొరికిన కాలం చాలా తక్కువ. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో చనిపోయారు. అప్పటికి ఆయన సాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తల అనువాదం ముగిసింది. ఆ రాతప్రతి బెంగాలులోని సీరాంపూర్ చేరి 1812లో అచ్చయింది. అదే ఏడు మార్చిలో సీరాంపూర్ అచ్చుకూటం తగలబడి ఎన్నో భాషల అక్షరాల పోతలూ రాతప్రతులూ కాలిపోయాయి. విలియం కేరీ తయారు చేసుకున్న తెలుగు వ్యాకరణం కూడా అందులో పోయింది. అలాంటి ఏడాదిలో మూడు తెలుగు సువార్తలు బయటపడ్డాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు చేసిన బైబిలు అచ్చు మొహం చూడలేదు. తర్వాత ఇదే విశాఖలో ప్రిచెట్ క్రొత్త నిబంధన పని ముగించాడు, 1818లో అది మద్రాసులో అచ్చయింది. ఆ పైన జాన్ హే దశాబ్దాల తరబడి ఈ ఊళ్లోనే కూర్చుని అనువాదాన్ని సవరించాడు. ఈ వరసంతా మొదలైన చోట, జీతం అడగని ఒక లెక్కల రాయసగాడి కలం ఉంది. తన ఆకలి తీర్చుకోవడానికి అరవం నుంచి తెలుగులోకి రాసుకున్న మనిషి, చివరికి తెలుగువాళ్లందరికీ వడ్డించే పంక్తిలో నిలబడ్డాడు.

సాయంత్రం రాస్ హిల్ ఎక్కాను. హార్బరు ముఖద్వారం పక్కన మూడు కొండలు: ఒక దాని మీద వెంకటేశ్వర స్వామి గుడి, ఒక దాని మీద దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత గుడి. ఏటా డిసెంబరు 8న మేరీమాత ఉత్సవానికి ఈ కొండంతా జనమే. మామూలు రోజు కావడంతో మెట్ల మీద పదిమంది కూడా లేరు. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద ఓడలు వచ్చే కాలువ. 1933లో ఈ రేవు తెరిచారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం రైలు మీద వచ్చి ఇక్కడే ఓడ ఎక్కుతుంది. ఒక ఓడ లోపలికి వస్తుంటే ముందూ వెనకా టగ్గు పడవలు. వాటి మోత కొండ మీదికి వినబడుతోంది.

గుడి ముందు కొవ్వొత్తి వెలిగించుకుంటున్న ఒక జాలరి అవ్వ, నన్ను చూసి, "ఏ ఊరు బావూ?" అంది. చెప్పాను. ఆమె కథోలిక కాదట. వాళ్ల పేటలో బాప్టిస్టు సంఘం. మరి ఇక్కడికెందుకు వచ్చారంటే, "ఏటి బావూ, దేవుడికి నాలుగిళ్లున్నాయేటి? మా ఇంటాయన సముద్రం మీదకెల్లిన కాడి నుంచీ ఈ కొండెక్కడం అలవాటు. ఆయన పోయి శానా యేళ్లయింది. అలవాటు పోనేదు" అంది. చదువు రాదట. "నాను సదువుకోనేదు. పాటింటాను. ఆ పాటలే నాకు బైబిలు." ఏ పాటలని అడిగితే తడుముకోకుండా రెండు మూడు కీర్తనలు పాడి వినిపించింది. అందులో ఒకటి పురుషోత్తమ చౌదరి గారిదని నాకు తెలుసు, ఆమెకు ఆ పేరు తెలియదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, ఈ కళింగాంధ్ర అంతా కాలినడకన తిరిగి పాడిన కవి ఆయన. ఆయన కీర్తనలు ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. పుస్తకం చదవలేని ఆమె నాలుక మీద కూడా ఉన్నాయి. ఆనందరాయరుకు అక్షరం దారి చూపింది. ఈమెకు రాగం చూపింది. ఆకలి ఉన్న వాడికి దేవుడు ఏ విస్తరిలోనైనా వడ్డిస్తాడు.

కొండ దిగుతుంటే గోడల మీద స్వస్థత మహాసభల పోస్టర్లు వరసగా కనిపించాయి. వీసా, ఉద్యోగం, సంతానం, అప్పుల విడుదల. అక్కడికి పోయే జనాన్ని నేను తప్పుపట్టను. రోగం వచ్చిన బిడ్డను చంకన వేసుకున్న తల్లి ప్రభువు దగ్గరికి కాక ఎక్కడికి పోతుంది? సువార్తల నిండా అలాంటి వాళ్లే. నా బాధ వేదిక మీద వాళ్లతో. ఆ తల్లి తెచ్చిన అవసరాన్ని పట్టుకుని, దేవుణ్ని ఆ అవసరం తీర్చే సాధనంగా చేసి చూపించేస్తే, అంతకు మించి కోరుకోవచ్చని ఆమెకు చెప్పే వాళ్లు ఎవరు? రొట్టెలు తిని తృప్తి పడి తనను వెతికిన జనాన్ని ప్రభువు గట్టిగా నిలదీసిన సందర్భం యోహాను సువార్త 6వ అధ్యాయంలో ఉంది. ముందు కడుపు నింపాడు, తర్వాతే నిలదీశాడు. ఆ రెండింటిలో దేన్ని వదిలేసినా బోధ కుంటిదవుతుంది. సుబ్బరాయరు ముందు బంధువులు పెట్టిన సొమ్మును కూడా దేవుడిచ్చిన దీవెన అని చెప్పి తీసుకోమనే బోధకులు ఈ రోజుల్లో ఉన్నారు. అది తలుచుకుంటే దుఃఖం వస్తుంది.

మర్నాడు శుక్రవారం. గాజువాక మీదుగా కూర్మన్నపాలెం వెళ్లాను. అక్కడి ఉపవాస ప్రార్థనకు రమ్మని ఒక పాత మిత్రుడు పిలిచాడు. ఈ నగరానికి నిరాహారం కొత్త కాదు. 1966 అక్టోబరులో ఉక్కు కర్మాగారం కోసం అమృతరావు గారు ఆమరణ దీక్షకు కూర్చున్నది విశాఖలోనే. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న కేక రాష్ట్రమంతా మోగింది, పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు భూములిచ్చి నిర్వాసితులయ్యారు. 2021లో కర్మాగారాన్ని అమ్మేస్తామన్నప్పుడు కార్మికులు మళ్లీ ఇదే కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. వెయ్యి రోజులు దాటినా అవి ఆగలేదు.

ప్రార్థన ఒక మేడ మీది రేకుల షెడ్డులో. చాపలు పరిచారు, చెప్పులు మెట్ల కింద. బీ షిఫ్టుకు వెళ్లాల్సిన వాళ్లు యూనిఫాంలోనే వచ్చారు. పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. సంఘ కాపరి వయసులో చిన్నవాడు. అందరూ ఆయన్ని అయ్యగారు అంటున్నారు, ఆయన పెద్దవాళ్లందరినీ అన్నా, అమ్మా అంటున్నాడు. మొదటి గంట దీక్షా శిబిరం కోసం, కాంట్రాక్టు కార్మికుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థన. తర్వాత పాటలు ఆపేసి చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. రేకుల మీద కాకులు నడుస్తున్న చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. దేవదాసయ్యగారి సన్నిధి కూడిక ఇక్కడికి ఎలా వచ్చిందని తర్వాత అడిగితే, మా అమ్మమ్మ రాజమండ్రి మనిషి అన్నాడు అయ్యగారు.

బ్లాస్ట్ ఫర్నేసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. అక్కడి ఫర్నేసులకు పేర్లున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. మాటల్లో ఆయన అన్నాడు: "ఫర్నేసంటే వెలిగించి వదిలేసేది కాదండి. పైనుంచి ఖనిజం, కోకు, సున్నపురాయి రాత్రీ పగలూ వేస్తూనే ఉండాలి. కింద నుంచి వేడిగాలి కొడుతూనే ఉండాలి. పండగ లేదు, ఆదివారం లేదు. మేత ఆగితే లోపల ఉన్న ఇనుము గడ్డకడుతుంది. గడ్డకట్టిన దాన్ని మళ్లీ కదిలించడం ఎంత కష్టమో మాకే తెలుసు. 2024లో ముడి సరుకు లేక ఫర్నేసులు ఆపినప్పుడు ఇంట్లో మనిషి మంచాన పడ్డట్టే అనిపించింది. ప్రార్థన కూడా అంతేనండి. నేను ఒకసారి రక్షణ పొందాను కదా అని కొన్నాళ్లు ఊరుకున్నాను. గడ్డకట్టేశాను." మళ్లీ ఎలా కరిగారని అడిగాను. "ఆకలి వెయ్యట్లేదని ఏడ్చానండి. ఆకలి కోసమే ప్రార్థన చేశాను. దేవుడా, నువ్వు కావాలని నాకు అనిపించట్లేదు, అనిపించేలా చెయ్యి అని. నెలలు పట్టింది."

పుస్తకాల్లో చదివిన ఏ ధ్యానమూ నాకు ఇంత సూటిగా తగల్లేదు. ఆకలి మన ప్రయత్నంతో పుట్టేది కాదు. అది కూడా అడిగి తీసుకోవలసినదే. లేదని ఏడ్చిన వాడి దగ్గర అది అప్పటికే మొదలైంది. ఆరు నెలల జపం తర్వాత తనకేమీ దొరకలేదని గుడిలోంచి లేచిన సుబ్బరాయరుకూ, ఇనుములా గడ్డకట్టానని చెప్పిన ఈయనకూ మధ్య రెండు వందల ఏళ్ల దూరం ఉన్నట్టు నాకనిపించలేదు.

ప్రార్థన అయ్యాక ఉపవాసం విడిచారు. షెడ్డు వెనక గాడిపొయ్యి మీద ఉప్పుడు బియ్యం జావ, పక్కన ఆవకాయ, ఉల్లిపాయలు. ముందు షిఫ్టుకు వెళ్లేవాళ్లకు, తర్వాత పిల్లలకు. మెట్ల కింద వాచ్‌మన్‌కూ, రోడ్డు మీద చెరకురసం బండి అతనికీ కూడా గ్లాసులు వెళ్లాయి. వాళ్లు క్రైస్తవులు కారు. ప్రతి శుక్రవారం ఇలాగే పంపుతారట. దేవుని కోసం పస్తున్న వాళ్లకు పక్కవాడి పస్తు కనబడకపోతే ఆ ఉపవాసం ఎందుకని యెషయా గ్రంథం 58వ అధ్యాయం అంతా అడుగుతుంది.

జావ తాగుతూ నేను ఆనందరాయరు కథ చెప్పాను. నాలుగు లక్షల జపం దగ్గర అందరూ తలలెత్తారు. ఆస్తి వద్దన్నప్పుడు ఒకావిడ "అయ్యో, భార్య సంగతేటి?" అంది. పుదుచ్చేరిలో కలిసిందని చెప్పాక గాని స్తిమితపడలేదు. సువార్తలు అచ్చయ్యాయని చెబుతుండగా, స్టీల్ ప్లాంటులో అప్రెంటిస్ చేస్తున్న ఒక కుర్రాడు మధ్యలో అడ్డొచ్చాడు.

"ఆయన మన ఊళ్లోనే రాశాడా అన్నా? వైజాగ్‌లోనా?"

"ఇక్కడే. వన్ టౌన్ వైపు."

"మరి మాకెవరూ చెప్పలేదేంటి?"

అయ్యగారు ఆ పేరును తన డైరీలో రాసుకున్నాడు. ఆ మూడు సువార్తల్లో ఏది పెద్దదని కుర్రాడు అడిగితే, అధ్యాయాలు 24 అయినా నిడివిలో లూకాయే అన్నాను. వచ్చే శుక్రవారం ఆల్ నైట్ ప్రేయర్‌లో ప్రసంగం వద్దు, లూకా మొత్తం చదువుదాం అని వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. చదువు వచ్చిన వాళ్లు తలా ఒక అధ్యాయం, రాని వాళ్లు మధ్యలో పాట. ఒకటో అధ్యాయం తనకే కావాలని కుర్రాడు పట్టుబట్టాడు. అది చాలా పొడుగు, ఎనభై వచనాలు, గొంతు పట్టేస్తుంది అని రిటైరైన పెద్దాయన హెచ్చరించాడు. పర్లేదు తాతా, నీళ్లు పెట్టుకుంటాను అన్నాడు వాడు.